ఐదు ఖాళీలకు ఒక నిండు ప్యాకెట్: చిక్ షాంపూ ఉచిత శాంపిల్ పథకంపై కేస్ స్టడీ

సంతలో వెయ్యి శాంపిల్ ప్యాకెట్లు పంచి, రెండు వారాల తర్వాత అదే ఊళ్లో కిరాణా కొట్టుకు వెళ్లి అడిగితే, "మీ సరుకు అడిగినవాళ్లు లేరండీ" అన్న జవాబు వస్తుంది. చిన్న కంపెనీల్లో చాలావాటికి ఇది తెలిసిన సంగతే. అలా జరిగినప్పుడు సరుకు బాగాలేదని నిర్ణయానికి రావడం తొందరపాటు. సాధారణంగా అసలు కారణాలు మూడు. ప్యాకెట్ తీసుకున్నవాళ్లలో ఆ రకం సరుకు ఇంట్లో వాడేవాళ్లు ఎందరో పంచినవాళ్లకు తెలియదు. వాడి మెచ్చుకున్నవాళ్లకు అది ఎక్కడ దొరుకుతుందో తెలియదు. తెలిసి వెళ్లినా ఆ రోజు కొట్టులో సరుకు ఉండదు.

ఈ మూడు ముడులనూ ఒకే పథకంతో విప్పిన ఉదాహరణ మన పక్కనే, తమిళనాడులో ఉంది. ఏ కంపెనీదైనా సరే, ఐదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ షాంపూ ప్యాకెట్ ఉచితం. చూడటానికి ఇదొక చిన్న స్కీమ్. లోపల పనిచేసే యంత్రాంగం మాత్రం పెద్దది. దాన్ని విప్పి చూసి, ఈ రోజు మన ఊళ్లలో పొడులు, పచ్చళ్లు, సబ్బు పొడులు చేసే చిన్న యూనిట్ దాన్ని ఎలా వాడుకోవచ్చో లెక్కలతో సహా చెప్పడానికే ఈ కేస్ స్టడీ.

పూర్వరంగం

చిన్న ప్యాకెట్ల ఆలోచనకు మూలం కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్. టాల్కం పౌడర్ డబ్బాల్లో మాత్రమే దొరికే రోజుల్లో దాన్ని 100, 50, 20 గ్రాముల ప్యాకెట్లుగా అమ్మారు. 100 గ్రాముల ప్యాకెట్లలో వచ్చే ఎప్సమ్ సాల్ట్‌ను 5, 10, 20 గ్రాముల పొట్లాలు చేశారు. కూలి పనికి వెళ్లేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు కూడా కొనగలగాలన్నది ఆయన పట్టుదల. ఆయన తర్వాత కుటుంబం వెల్వెట్ షాంపూను అదే దారిలో నడిపింది. కొడుకుల్లో ఒకరైన సి.కె. రంగనాథన్ ఆ వ్యాపారం నుంచి విడిగా బయటికి వచ్చి 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ ఇండియా పెట్టారు. షాంపూ ప్యాకింగ్ యంత్రం ఖరీదు 3,000 రూపాయలు. చిక్ అన్న పేరు తండ్రి పేరు నుంచి తీసుకున్నదే. ఆ కంపెనీయే తర్వాత కెవిన్‌కేర్ అయింది.

అప్పటి పరిస్థితిని సరుకు అమ్మేవాడి కళ్లతో చూడాలి. కొట్టులో వేలాడే షాంపూ దండలు అప్పటికే వేరే కంపెనీలవి. పల్లెల్లో పోటీ ఇంకా గట్టిది: తలంటుకు కుంకుడుకాయ, శీకాయ, లేదంటే ఒంటికి రుద్దుకునే సబ్బే. అంటే కొత్త షాంపూ ఎదుట రెండు రకాల మనుషులున్నారు. షాంపూ అసలు వాడనివాళ్లు ఒకరు, వేరే షాంపూ వాడుతున్నవాళ్లు ఇంకొకరు. చాలామంది ఈ ఇద్దరికీ ఒకే శాంపిల్ పంచి నష్టపోతారు. చిక్ విషయంలో వాడనివాళ్లకు ఒక పద్ధతి, వాడేవాళ్లకు ఇంకో పద్ధతి కనిపిస్తాయి. మా దృష్టిలో ఈ కేసులో నేర్చుకోవలసిన మొదటి సంగతి ఇదే.

వాడనివాళ్లకు: కళ్లెదుట తలంటు

షాంపూ వాడకం పెద్దగా లేని పల్లెలకు వెళ్లి, ఒక కుర్రాడికి అందరి ముందు తలంటారు. ఆరాక అతని జుట్టు ముట్టుకుని, వాసన చూడమని చుట్టూ ఉన్నవాళ్లను పిలిచారు. రజనీకాంత్ సినిమాల ప్రదర్శనలు తామే ఏర్పాటు చేసి, మధ్యలో ప్రకటనలు వేసి, తలంటు చేసి చూపించి, ఆట అయ్యాక ప్రేక్షకులకు ప్యాకెట్లు ఉచితంగా ఇచ్చారు. ఇది తమిళనాడు పల్లెలతో పాటు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ నడిచింది. ఇలాంటి ప్రదర్శన జరిగిన ప్రతిచోటా అమ్మకాలు మూడు నాలుగు రెట్లు పెరిగాయని రంగనాథనే చెప్పారు.

ప్యాకెట్ కంటే ముందు తలంటు ఎందుకు? వాడకం తెలియనివాడి చేతిలో శాంపిల్ పెడితే అతను దాన్ని తనకు తెలిసిన పద్ధతిలోనే వాడతాడు. తలకు నూనె పట్టించి, తడపకుండా షాంపూ పోస్తే నురగ రాదు. సబ్బు రుద్దిన తలమీద మళ్లీ షాంపూ వేస్తే తేడా తెలియదు. అలా పాడైన మొదటి అనుభవాన్ని పదో ప్యాకెట్ కూడా సరిదిద్దలేదు. బోరు నీళ్ల ఊళ్లలో ఇంకో అనుకూలత ఉంది. ఉప్పులెక్కువగా ఉన్న నీటిలో సబ్బు నురగ రాకుండా జిగట తెట్టుగా మారి జుట్టుకు పట్టుకుంటుంది; షాంపూ అదే నీటిలో నురగ ఇస్తుంది. కాబట్టి తలంటు చూపించేటప్పుడు బయటి నుంచి తెచ్చిన మంచినీళ్లు వాడకూడదు, ఆ ఊరి బోరు నీళ్లే వాడాలి. ఇంటికి వెళ్లి వాళ్లు వాడేది ఆ నీళ్లతోనే.

వాడేవాళ్లకు: ఖాళీల మార్పిడి, రెండు దశల్లో

మొదటి దశలో ఏ షాంపూదైనా సరే ఐదు ఖాళీలకు ఒక చిక్. రెండో దశలో నియమం మారింది: ఐదు చిక్ ఖాళీలు తెస్తేనే ఒక చిక్ ఉచితం. రంగనాథన్ చెప్పిన లెక్క ప్రకారం ఈ పథకంతో నెల అమ్మకం 35,000 రూపాయల నుంచి 12 లక్షలకు చేరింది. తర్వాత మల్లె, గులాబి పరిమళాలతో 30 లక్షలకు, నటి అమల ప్రకటనలతో కోటి రూపాయలకు పెరిగింది.

మొదటి దశ చేసిన పనులు ఒక్కొక్కటే చూద్దాం. ఐదు ఖాళీలు తెచ్చినవాడి ఇంట్లో షాంపూ వాడుతున్నారనడానికి ఆ ఖాళీలే రుజువు. వేరే ఏ వడపోతా అక్కర్లేదు. అదీ పోటీ కంపెనీ షాంపూ వాడేవాడు కాబట్టి, ఇచ్చిన ప్రతి ప్యాకెట్ పోటీదారు ఇంట్లోకే నేరుగా వెళ్లింది. రెండోది, మార్పిడి కొట్టులో జరుగుతుంది. శాంపిల్ తీసుకున్నవాడికి సరుకు ఎక్కడ దొరుకుతుందో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. మూడోది, ఖాళీలు పట్టుకుని జనం వచ్చి అడుగుతుంటే కొట్టువాడు సరుకు పెట్టక తప్పదు. పేరు తెలియని కంపెనీ సేల్స్‌మన్‌ను "వచ్చే వారం చూద్దాం" అని పంపేసేవాడు, కౌంటర్ దగ్గర నిలబడి అడిగే పదిమందిని అలా పంపలేడు. నాలుగోది, ఊరికే వచ్చినదానికి లేని విలువ, దాచి పోగుచేసి తెచ్చిన ఖాళీలకు బదులుగా వచ్చినదానికి ఉంటుంది. అది మూలనపడకుండా తలకే చేరుతుంది.

రెండో దశే ఈ కేసుకు గుండెకాయ. శాంపిల్ పని రుచి చూపడం దగ్గర ఆగిపోతే పోటీదారు మరుసటి వారం తన స్కీమ్‌తో ఆ కొనుగోలుదారును వెనక్కి లాక్కుంటాడు. సొంత ఖాళీలకే ఉచితం అన్న నియమం వచ్చాక, ఉచిత ప్యాకెట్ కావాలంటే ఐదు కొనాలి. ఐదు తలంట్ల తర్వాత అది అలవాటు. ఆ దశలో ఇచ్చేది పేరుకు ఉచితం, పనికి విశ్వాసానికి ఇచ్చే తగ్గింపు.

రెండో దశ లెక్కలో దాగిన 20 శాతం

ఐదు కొంటే ఆరోది ఉచితం కాబట్టి తగ్గింపు ఆరింట ఒకటి, అంటే 16.67 శాతం అని చాలామంది బడ్జెట్ వేస్తారు. ఇది తప్పు. ఉచితంగా ఇచ్చిన ప్యాకెట్ కూడా ఖాళీ అవుతుంది, ఆ ఖాళీ కూడా లెక్కలోకి వస్తుంది. ప్రతి ఉచిత ప్యాకెట్ ఐదు ఖాళీలను తీసుకుని ఒక ఖాళీని తిరిగి ఇస్తుంది. నికరంగా నాలుగు కొన్నవాటికి ఒకటి ఉచితం. అంటే ఐదింట ఒకటి, 20 శాతం. పథకం నెల రోజులు నడిస్తే ఈ తేడా తెలియదు. ఆరు నెలలు నడిస్తే లాభమంతా అక్కడే కరిగిపోతుంది.

పది రూపాయల సాంబారు పొడి ప్యాకెట్ (20 గ్రాములు) తీసుకుందాం. కింది అంకెలు లెక్క పద్ధతి చూపడానికి వేసుకున్నవి. వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. పొడి ఖర్చు కిలో 250 రూపాయల చొప్పున 5 రూపాయలు, ప్యాకెట్, ప్రింటింగ్ 1.20. తయారీ మొత్తం 6.20. కొట్టువాడి మార్జిన్, డిస్ట్రిబ్యూటర్ మార్జిన్, పన్ను పోగా కంపెనీ చేతికి 7.80 వస్తుందనుకుంటే ప్యాకెట్‌కు మిగిలేది 1.60. నాలుగు అమ్మితే 6.40. ఒక ఉచిత ప్యాకెట్ ఇవ్వడానికి 6.20, దాన్ని చేతులు మార్చినందుకు కొట్టువాడికి ఒక రూపాయి, మొత్తం 7.20. అంటే ఐదు ప్యాకెట్లకు 80 పైసల నష్టం. షాంపూకు పనికొచ్చిన ఐదింటికి ఒకటి అన్న నిష్పత్తి ఈ పొడికి రెండో దశలో పనికిరాదని తేలింది. ఎనిమిదింటికి ఒకటి పెడితే నికరంగా ఏడు అమ్మకాలకు 11.20 మిగిలి, 7.20 పోయి, 4 రూపాయలు నిలుస్తాయి.

"అందరూ ఖాళీలు తిరిగి తేరు కదా, సగమే వస్తాయి" అన్న ధీమా మీద నిష్పత్తి నిర్ణయించకండి. పథకం బాగా పట్టుకున్న ఊళ్లోనే ఖాళీలు ఎక్కువ వస్తాయి. అంటే మీరు గెలిచిన చోటే ఎక్కువ నష్టపోతారు. అన్నీ తిరిగి వచ్చినా తట్టుకునే నిష్పత్తినే పెట్టాలి.

ఎన్ని ఖాళీలు అడగాలి

ఐదు అన్న అంకెలో మహిమ ఏమీ లేదు. నలుగురున్న ఇంట్లో వారానికోసారి తలంటుకుంటే వారానికి నాలుగు ప్యాకెట్లు ఖర్చవుతాయి. పది రోజుల్లో ఐదు ఖాళీలు పోగవుతాయి. ఆ వ్యవధే అసలు కొలత. మా సలహా: సాధారణ కుటుంబం రెండు వారాల్లో, మరీ ఆలస్యమైతే మూడు వారాల్లో పోగుచేయగలిగినన్ని ఖాళీలే మొదటి దశలో అడగండి. సాంబారు పొడి చిన్న ప్యాకెట్ వారానికొకటి వాడే ఇంటిని ఐదు అడిగితే ఐదు వారాలు పడుతుంది. మూడో వారానికి స్కీమ్ మర్చిపోతారు. అక్కడ రెండు చాలు. ఒకటే అడిగితే మాత్రం చెత్తకుప్పలో దొరికిన ఖాళీకీ శాంపిల్ ఇవ్వాల్సి వస్తుంది.

ఇంటింటికీ పంచడంతో పోలిక

అదే 20 గ్రాముల ప్యాకెట్‌ను గడప గడపకూ ఇస్తే? శాంపిల్ కోసం వాడిన ముడిసరుకు మీద పన్ను క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, పోతుంది (దాని సంగతి కింద చూద్దాం). దానికి 40 పైసలు కలిపితే ప్యాకెట్ 6.60. పంచే మనిషికి కూలి 700, భోజనం 100, ప్రయాణం 150, మొత్తం రోజుకు 950. ఇంటికి మూడు నిమిషాల చొప్పున ఆరు గంటలు తిరిగితే 120 ఇళ్లు. ఇంటికి దాదాపు 7.90. అంటే ఒక శాంపిల్ ఖరీదు 14.50, అందులో సగానికి పైగా నడకకే. సరుకు మిగుల్చుదామని 20 గ్రాములను 10 గ్రాములు చేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఖర్చు ఎక్కువున్నది పొడిలో కాదు.

వంద ఇళ్లకు 1,450 రూపాయలు. అందులో 12 ఇళ్లు నెలకొక 100 గ్రాముల ప్యాకెట్ కొనే స్థిర ఖాతాలయ్యాయనుకుందాం. ఒక్కో ఖాతాకు పెట్టింది దాదాపు 121 రూపాయలు. నెలకు ఆ ప్యాకెట్ మీద మిగిలేది 11 అయితే పెట్టుబడి రావడానికి 11 నెలలు. అదే కొట్టు ద్వారా మార్పిడి అయితే 6.60కి కొట్టువాడి రూపాయి కలిపి 7.60. వందకు 760. అదే 12 ఖాతాలు వచ్చినా ఒక్కోదానికి 63 రూపాయలు, ఆరు నెలల లోపే తిరిగి వస్తుంది. పైగా మార్పిడికి వచ్చేవాళ్లు ముందే సాంబారు పొడి కొని వాడేవాళ్లు కాబట్టి నిలబడేవాళ్ల సంఖ్య ఎక్కువే ఉంటుందని ఆశించవచ్చు.

మరి గడప గడపకూ పంచడం ఎప్పుడూ తప్పేనా? కాదు. ఆ రకం సరుకే ఆ ఊరికి కొత్త అయితే మార్పిడికి ఖాళీలే ఉండవు. అక్కడ చేసి చూపించడం, చేతికివ్వడం తప్పదు. చిక్ పల్లెల్లో చేసిందదే.

లైన్ మీద నడిపే వరస

క్రమం తప్పితే పథకం పాడవుతుంది. ముందు సరుకు, తర్వాత ప్రకటన, ఆ తర్వాతే శాంపిల్.

ఒకేసారి జిల్లా అంతా వద్దు. ఒక సేల్స్‌మన్ రోజుకు 35 నుంచి 40 కొట్లు చూడగలడు. ఆ ఒక్క రోజు తిరిగే దారే ఒక లైన్. అలాంటి మూడు లైన్లు, అంటే సుమారు 110 కొట్లు చాలు. ప్రకటనకు ముందు వారంలో ప్రతి ఊళ్లో పది కొట్లుంటే కనీసం ఆరింటిలో సరుకు వేలాడాలి. 12 ప్యాకెట్ల దండ ఒకటి కౌంటర్ ముందు, కంటి ఎత్తులో ఉండాలి. వెనక అరలో పెట్టిన దండ లేనట్టే లెక్క. ఆరు కొట్లు నిండని ఊరిని ఆ విడతలో వదిలేయండి.

పోస్టర్ మీద నాలుగే మాటలుండాలి: ఏ కంపెనీ ఖాళీలు, ఎన్ని, ఏమిస్తారు, ఏ తేదీ వరకు. ఖాళీ మీద పేరు కనపడాలని, ఒక మనిషికి రోజుకు రెండు ఉచిత ప్యాకెట్ల కంటే ఇవ్వబోమని కూడా కింద స్పష్టంగా రాయాలి. చివరి తేదీ లేని పోస్టర్ అతికించడం అంటే మనకు మనమే ఉరి బిగించుకోవడం. సంత రోజు ఆటోలో మైకు ఒక్కసారి తిరిగితే సరిపోతుంది. మిగతా ప్రచారం పిల్లలు చేస్తారు. ఇలాంటి పథకాల్లో ఖాళీలు పోగుచేసేది, కొట్టుకు మోసుకొచ్చేది ఎక్కువగా వాళ్లే.

కొట్టువాడు తన దండలోంచే ఉచిత ప్యాకెట్ తీసి ఇస్తాడు, ఖాళీలు ఒక సంచిలో వేస్తాడు. వారం రోజులకు సేల్స్‌మన్ వచ్చి ఖాళీలు లెక్కపెట్టి, అన్ని ప్యాకెట్లు అక్కడికక్కడే నిండువి ఇచ్చి, చేతిఖర్చు కింద అనుకున్న రూపాయిని సరుకు రూపంలో కలపాలి. ఈ పని కొట్టుకు ఐదు నుంచి పది నిమిషాలు తీసుకుంటుంది, కాబట్టి పథకం నడిచే వారాల్లో సేల్స్‌మన్‌కు రోజుకు 40 కొట్లు పెట్టకండి, 25కు తగ్గించండి.

లెక్కపెట్టిన ఖాళీని అక్కడే కొట్టువాడి ముందే కత్తెరతో సగానికి కత్తిరించాలి. మూల కత్తిరించడం చాలదు. మూల చిరిగిన ఖాళీ మామూలుగా చింపినదానిలాగే ఉంటుంది, మళ్లీ లెక్కలోకి వస్తుంది. కత్తిరించినవాటిని మందపాటి పాలిథీన్ సంచిలో మూతి కట్టి తేవాలి. షాంపూ ఖాళీలు కారి జిడ్డవుతాయి. పొడుల ఖాళీలకు చీమలు, పురుగులు పడతాయి. వాటిని తాజా సరుకున్న గోడౌన్‌లో ఒక్క రాత్రి కూడా ఉంచవద్దు.

సేల్స్‌మన్ రాసే చీటీలో కొట్టు పేరు, ఉచితంగా వెళ్లిన సంఖ్యతో పాటు, వచ్చిన ఖాళీలు ఏ కంపెనీవి ఎన్నో కూడా విడివిడిగా రాయించండి. ఈ ఒక్క గడిని చాలామంది వదిలేస్తారు. ఏ ఊళ్లో ఏ కంపెనీది, ఏ ధర ప్యాకెట్ ఎక్కువ నడుస్తోందో ఇంతకంటే నమ్మకంగా చెప్పే సర్వే ఇంకొకటి లేదు. ఎందుకంటే ఇక్కడ జనం చెప్పిన మాట కాదు, కొని వాడి పారేసిన వస్తువు మాట్లాడుతోంది. రెండో దశకు ఎప్పుడు మారాలో కూడా ఈ గడే చెబుతుంది. ఒక ఊళ్లో వచ్చే ఖాళీల్లో మీవి మూడో వంతు దాటాక అక్కడ సొంత ఖాళీల నియమానికి మారవచ్చు. పదో వంతు కూడా లేకపోతే శాంపిల్ తీసుకున్నవాళ్లు మళ్లీ కొనడం లేదని అర్థం. అప్పుడు ఆగి, సరుకు రుచో ధరో చూసుకోవాలి. ఇంకా ఉచితం పంచి ప్రయోజనం లేదు.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా పథకాన్ని చంపేది కొట్టువాడికి బాకీ పెట్టడం. "ఖాళీలు ఉంచండి, క్లెయిమ్ ఆఫీసుకు పంపుతాం, వచ్చే నెల సర్దుతాం" అన్న రోజు నుంచి కొట్టువాడు ఖాళీలు తెచ్చినవాళ్లను "స్కీమ్ అయిపోయింది" అని పంపేస్తాడు. అతను చేసేది న్యాయమే. తన డబ్బుతో కొన్న సరుకు ఊరికే ఇచ్చి ఎన్ని రోజులు ఆగగలడు? ఖాళీలు చేతిలో పట్టుకుని తిరిగి వెళ్లిన మనిషి మాత్రం మీ పేరు పూర్తిగా వదిలేస్తాడు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉచిత సరుకు వేరే కార్టన్లలో ముందే దింపి ఉంచడం ఒక్కటే దీనికి మందు. మొదటి దశకు కొట్టుకు 24 ప్యాకెట్ల చొప్పున లెక్కవేసి, 110 కొట్లకు 2,640, దానిమీద నాలుగో వంతు అదనంగా కలిపి 3,300 ప్యాకెట్లు సిద్ధం చేసుకోవాలి.

రెండోది లీకేజీ. ఉచిత సరుకు హోల్‌సేల్ బజారుకు చేరి, సగం ధరకు తిరిగి మీ కొట్లకే వస్తుంది. నేరుగా జనం చేతికిచ్చే ఉచిత ప్యాకెట్ల మీద "ఉచితం, అమ్మరాదు" అని ముందు వైపు పెద్దగా అచ్చు వేయించండి, బ్యాచ్ నంబరు వేరుగా ఉంచండి. మార్పిడిలో కొట్టువాడు తన మామూలు దండలోంచి ఇస్తాడు కాబట్టి, అతనికి తిరిగి ఇచ్చేది కూడా అమ్మే ప్యాకెట్టే అవుతుంది. అక్కడ కాపలా ఖాళీల లెక్కే. నిండు ప్యాకెట్ బయటికి వెళ్లిన ప్రతిచోటా కత్తిరించిన ఖాళీలు ఎదురు రావాలి. వారానికి ఒక లైన్‌లో ఐదు కొట్లను సూపర్‌వైజర్ వెళ్లి చూడాలి.

ఒకేసారి ఐదొందల ఖాళీల మూట వస్తే అది ఇళ్లనుంచి వచ్చింది కాదు. చెత్త ఏరుకునేవాళ్లను కసరవద్దు, వాళ్లు నియమం ప్రకారమే తెచ్చారు. రోజుకు రెండు అన్న పరిమితి పోస్టర్ మీద ముందే ఉంటే గొడవ రాదు. లాడ్జీలు, హాస్టళ్ల విషయంలోనూ ఇదే.

శాంపిల్ సరిపోకపోవడం ఇంకో తప్పు, దీన్ని మాత్రం చేతులారా చేసుకుంటాం. షాంపూ ప్యాకెట్ ఒక తలంటుకు సరిపోయింది కాబట్టే ఒక్క ప్యాకెట్‌తో తీర్పు వచ్చింది. లీటరు సాంబారుకు 15 నుంచి 20 గ్రాముల పొడి పడుతుంది. 10 గ్రాముల శాంపిల్ ఇస్తే ఇల్లాలు దాంతోనే కుటుంబమంతటికీ సాంబారు పెడుతుంది, చప్పగా ఉందని మీ పొడినే తప్పుపడుతుంది. పచ్చళ్లకు ప్యాకెట్ కంటే రుచి చూపడమే మేలు, అదీ అన్నంతో. ఉత్త ఆవకాయ నాలుక మీద పెడితే ఉప్పు, కారం తప్ప ఇంకేమీ తెలియదు. కిలో బియ్యం వండితే రెండున్నర కిలోల పైచిలుకు అన్నం వస్తుంది. మనిషికి 20 గ్రాముల ముద్ద చొప్పున 125 మందికి సరిపోతుంది. ముద్దకు 4 గ్రాముల పచ్చడి అనుకుంటే అర కిలో సీసా చాలు. అన్నం వేడిగా ఉండాలి, జాడీలో పొడి గరిటె మాత్రమే పెట్టాలి, తడి చేయి తగిలిన జాడీని ఆ రోజుతో పక్కన పెట్టేయాలి.

ఒక వాడకంతో ఫలితం తెలియని సరుకుకు శాంపిల్ వృథా. తలనూనె గుణం తెలియడానికి వారాలు పడుతుంది. ఒక్క ప్యాకెట్ ఇచ్చి లాభం లేదు. విత్తనాలు, ఎరువుల వ్యాపారంలో రైతు పొలంలోనే ఒక మడి వేసి పంట దాకా చూపించేది ఈ కారణంగానే.

పన్ను, చట్టం

కేంద్ర జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం ఉచిత శాంపిల్‌గా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ రాదు. ఒకటి కొంటే ఒకటి ఉచితం తరహా అమ్మకాన్ని మాత్రం ఒక ధరకు రెండు వస్తువులు అమ్మినట్టుగా చూడాలని 2019 మార్చి 7 నాటి 92వ సర్క్యులర్ స్పష్టం చేసింది. పోటీ కంపెనీ ఖాళీలకు ఇచ్చేది శాంపిల్ కిందే వేసుకుని క్రెడిట్ వదులుకోవడం క్షేమం. సొంత ఖాళీలకు ఇచ్చేది ఏ పద్దులో రాయాలో పథకం మొదలుపెట్టే ముందే మీ ఆడిటర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా ఉంచుకోండి. ఉచితమైనా, అమ్మినా స్టాకు పుస్తకంలో కదలిక కనపడాలి.

ఆహార పదార్థాలకు లాభం ఉన్నా లేకున్నా ఆహార భద్రత చట్టం వర్తిస్తుంది. లైసెన్స్ నంబరు, బ్యాచ్, గడువు తేదీ శాంపిల్ మీద కూడా వేయండి. పల్లీ, పాలు, గోధుమ లాంటివి కలిస్తే ఆ సంగతి అచ్చు వేయండి. గడువు దగ్గరపడిన సరుకును శాంపిళ్లుగా వదిలించుకోవడం మేం ఒప్పుకోని పని. కొత్త కొనుగోలుదారు చేతికి మొదట వెళ్లేది మీ గోడౌన్‌లో అన్నిటికంటే తాజాగా ఉన్నదై ఉండాలి. పసిపిల్లల పాలపొడికి శాంపిళ్లు పంచడాన్ని 1992 నాటి చట్టమే నిషేధించింది. మందుల కంపెనీలకు 2024 మార్కెటింగ్ నియమావళి ప్రకారం ఒక డాక్టరుకు ఒక మందువి ఏడాదికి 12 శాంపిల్ ప్యాక్‌లకు మించకూడదు, మొత్తం శాంపిళ్ల విలువ కంపెనీ దేశీయ అమ్మకాల్లో 2 శాతం దాటకూడదు.

సేకరించిన ఖాళీలు కూడా మీ బాధ్యతే. పొరల ప్లాస్టిక్ మామూలు పద్ధతుల్లో కరిగించి వాడుకోవడం కష్టం. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల కింద అనుమతి ఉన్న సేకరణ సంస్థకు తూకం రసీదుతో అప్పగించండి. కాల్చేయడం, ఊరి చివర పారేయడం తగదు.

కొలత

మూడు లైన్లలో పథకం నడిపితే, అలాంటివే ఇంకో మూడు లైన్లను పథకం లేకుండా ఉంచండి. ఆరింటిలోనూ పథకానికి ముందు నాలుగు వారాలు, పథకం ఆగాక ఎనిమిది వారాలు కొట్టువారీ అమ్మకం రాయండి. పథకం నడిచిన వారాల అమ్మకాన్ని ఫలితంగా తీసుకోవద్దు. అందులో కొట్టువాళ్లు స్కీమ్ కోసం నింపుకున్న సరుకు కలిసి ఉంటుంది. నిజం తెలిసేది ఉచితం ఆగిన తర్వాత ఐదో వారం నుంచి. నెలకోసారి కొనే పొడికి ఎనిమిది వారాలు కూడా చాలవు, పన్నెండు చూడాలి. పథకం లేని లైన్లలో అదే కాలంలో ఎంత పెరిగిందో తీసేసిన తర్వాత మిగిలిందే పథకం తెచ్చినది. పండగ నెల, పెళ్లిళ్ల నెల మధ్యలో పడితే ఈ తీసివేత లేకుండా వచ్చిన అంకె ఎందుకూ పనికిరాదు.

ముగించే పద్ధతి

చివరి తేదీకి పది రోజుల ముందు కొట్టువాళ్లకు మళ్లీ చెప్పాలి, పోస్టర్ మీద తేదీ చీటీ అతికించాలి. ఆ పది రోజుల్లో ఖాళీలు మామూలు కంటే రెట్టింపు రావచ్చు, నిల్వ అందుకు తగ్గట్టు ఉంచుకోవాలి. చివరి తేదీ తర్వాత కొత్త ఖాళీలు తీసుకోవద్దు, కానీ ఆలోపు కొట్టువాడు తీసుకున్నవాటిని ఇంకో రెండు వారాల పాటు సేల్స్‌మన్ లెక్కచూసి నిండువి ఇవ్వాలి. ఒక్క కొట్టు కూడా మిగలకూడదు. అన్ని కొట్ల చీటీల మీద సంతకాలు పూర్తయ్యాక పోస్టర్లు మీ మనిషే పీకి తేవాలి. గోడ మీద మిగిలిన పాత పోస్టర్ చూసి ఆరు నెలల తర్వాత ఖాళీలు పట్టుకొచ్చిన ముసలమ్మకు కొట్టువాడు జవాబు చెప్పుకునే పరిస్థితి రాకూడదు.